ల్యాప్‌టాప్ సౌండ్‌కు తగిన గేమింగ్ హెడ్‌సెట్‌ను ఎలా ఎంచుకోవాలి?

గేమింగ్ హెడ్‌సెట్ కొనాలనుకునే వారిలో చాలామంది ముందుగా హెడ్‌సెట్ల గురించే వెతుకుతారు. ఏ కంపెనీది మంచిది, స్పీకర్లు ఎంత పెద్దవి, ధ్వని చుట్టూ నుంచి వస్తున్నట్టు వినిపించే 7.1 సరౌండ్ ఉందా లేదా అని చూస్తారు తప్ప, దాన్ని తగిలించబోయే ల్యాప్‌టాప్ సంగతి పట్టించుకోరు. నిజానికి మీ చెవికి అందే ధ్వనిని ల్యాప్‌టాప్‌లోని సౌండ్ చిప్ తయారు చేయవచ్చు, లేదా హెడ్‌సెట్‌లోనే ఉన్న మరో చిప్ తయారు చేయవచ్చు. అది మీరు హెడ్‌సెట్‌ను ఏ మార్గంలో కలుపుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ముందు ల్యాప్‌టాప్‌ను పరీక్షించండి, తర్వాత మార్గాన్ని నిర్ణయించుకోండి, ఆ తర్వాతే హెడ్‌సెట్లను చూడండి. ఇక్కడే మరో మాట కూడా చెప్పాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ధ్వనిని వినిపించే భాగం చాలావరకు బాగానే ఉంటుంది. మీ గొంతును లోపలికి తీసుకునే భాగమే ఎక్కువగా బలహీనంగా ఉంటుంది. జట్టుతో మాట్లాడుతూ ఆడేవారికి ఏ హెడ్‌సెట్ కావాలన్నది చివరికి మైక్ దగ్గరే తేలుతుంది.

మొదటి పని: జాక్‌ను దగ్గరగా చూడండి

ల్యాప్‌టాప్ పక్క అంచున ఉండే 3.5 మిల్లీమీటర్ల జాక్ దగ్గర ముద్రించిన బొమ్మను మంచి వెలుతురులో చూడండి. హెడ్‌ఫోన్ బొమ్మకు చిన్న మైక్ కూడా తగిలించి ఉంటే, వినడానికీ మాట్లాడడానికీ ఆ ఒక్క జాకే సరిపోతుంది. దీన్నే కాంబో జాక్ అంటారు. హెడ్‌ఫోన్ బొమ్మ ఒకచోట, మైక్ బొమ్మ మరోచోట విడిగా ఉంటే అవి రెండు వేర్వేరు జాక్‌లు. పాత ల్యాప్‌టాప్‌లలోనూ, కొన్ని పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోనూ ఇలా ఉంటుంది. బొమ్మ అరిగిపోయి ఉంటే మీ మోడల్ మాన్యువల్‌లో ఆ వివరం తప్పకుండా దొరుకుతుంది.

ఇప్పుడు హెడ్‌సెట్ పిన్ను సంగతి. పిన్ను మీద అడ్డంగా ఉండే గీతలను లెక్కపెట్టండి. ఇవి సాధారణంగా నల్లగా ఉంటాయి. మూడు గీతలు ఉంటే ఆ పిన్ను నాలుగు భాగాలుగా విడిపోయి ఉందన్నమాట: ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్, మైక్. కాంబో జాక్‌కు ఇదే కావాలి. రెండు గీతలే ఉంటే అందులో మైక్ కోసం నాలుగో భాగం లేదు. చివర ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో రెండు పిన్నులున్న హెడ్‌సెట్ డెస్క్‌టాప్‌ల కోసం చేసినది. దాన్ని కాంబో జాక్‌కు కలపాలంటే వై ఆకారపు కన్వర్టర్ కావాలి. ఆ కన్వర్టర్ కొనేటప్పుడు జాగ్రత్త అవసరం, ఎందుకంటే చూడడానికి అచ్చం అలాగే ఉండే వస్తువులు మరో రెండు ఉన్నాయి. ఒకటి, ఒకే పాటను ఇద్దరు వినడానికి వాడే స్ప్లిటర్; దీని పిన్ను మీద రెండు గీతలే ఉంటాయి, మైక్ పనిచేయదు. మరొకటి, మూడు గీతల పిన్నును రెండు పిన్నులుగా విడగొట్టేది. ఇది మీకు కావలసిన దానికి సరిగ్గా ఎదురు. మీకు కావలసిన దానికి ఒకవైపు మూడు గీతల పిన్ను ఒకటి, మరోవైపు హెడ్‌ఫోన్, మైక్ బొమ్మలున్న రెండు రంధ్రాలు ఉండాలి.

నాలుగు భాగాల పిన్నుల్లోనూ సీటీఐఏ, ఓఎంటీపీ అని రెండు అమరికలున్నాయి. ఎడమ, కుడి భాగాలు రెండింటిలోనూ ఒకేచోట ఉంటాయి. గ్రౌండ్, మైక్ మాత్రం తారుమారవుతాయి. ఇప్పుడు అమ్ముతున్న ల్యాప్‌టాప్‌లూ హెడ్‌సెట్లూ దాదాపుగా సీటీఐఏ పద్ధతిలోనే వస్తున్నాయి కాబట్టి కొత్తది కొనేవారికి దీనితో పేచీ ఉండదు. ఎక్కడో మూలనున్న పాత హెడ్‌సెట్‌ను వాడుకోవాలనుకుంటే మాత్రం ఒక గుర్తు తెలుసుకోండి: పాట వింటుంటే వాద్యాలు ఎక్కడో గుహలోంచి వస్తున్నట్టు వినిపించి, పాడేవారి గొంతు దాదాపు మాయమైపోయిందంటే, అది హెడ్‌సెట్ చెడిపోవడం కాకపోవచ్చు, అమరిక కుదరకపోవడం కావచ్చు.

లోపల ఏ సౌండ్ చిప్ ఉందో తెలుసుకోవాలని ఉంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్ విభాగం చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో రియల్‌టెక్ అని కనిపిస్తుంది. ఇంటెల్ 2004లో విడుదల చేసిన హెచ్‌డీ ఆడియో ప్రమాణాన్ని అనుసరించే చిప్‌లే వీటిలో చాలావరకు. అయితే చిప్ పేరును బట్టి నిర్ణయానికి రావద్దు. అదే చిప్ ఒక ల్యాప్‌టాప్‌లో నిశ్శబ్దంగా పనిచేస్తుంది, మరో ల్యాప్‌టాప్‌లో రణగొణధ్వనితో విసిగిస్తుంది. బోర్డు మీద తీగల అమరిక, విద్యుత్ సరఫరా శుభ్రత, జాక్ దగ్గర వాడిన భాగాల నాణ్యత, ఇవే తేడా తెస్తాయి, వీటిని ఏ వివరాల పట్టికలోనూ రాయరు. చెవితో వినడమే మార్గం.

రెండో పని: జాక్ ఎంత శుభ్రంగా వినిపిస్తుందో పరీక్షించండి

దీనికి కొత్త హెడ్‌సెట్ అవసరం లేదు. ఫోన్‌తో వాడుకునే మైక్ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. వాటిని జాక్‌లో పెట్టి, రాత్రిపూట గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినండి. ఏదీ ప్లే చేయకుండా వింటే పరీక్ష చెల్లదు, ఎందుకంటే కాసేపు పని లేకపోతే చిప్ నిద్రలోకి జారుకుని జాక్‌ను పూర్తిగా ఆపేస్తుంది, అప్పుడు ఎలాంటి జాకైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఏదైనా గేమ్ తెరిచి, ఆ గేమ్ సెట్టింగులలోనే సంగీతం, శబ్దాలు సున్నాకు తగ్గించి, ల్యాప్‌టాప్ వాల్యూమ్‌ను మీరు మామూలుగా పెట్టుకునే చోట ఉంచి వినండి.

సన్నగా, ఎడతెగకుండా సుయ్‌మని వినిపిస్తే అది చిప్ సొంత శబ్దం. మౌస్ కదిపినప్పుడో, తెర మీద బొమ్మ మారినప్పుడో కీచుమని మారుతూ వినిపిస్తే అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌లు విద్యుత్తును గుంజుకునే తీరు జాక్ దాకా చేరుతోందని అర్థం. ఇప్పుడు చార్జర్ తగిలించండి, తీయండి, మళ్లీ తగిలించండి. చార్జర్ ఉన్నప్పుడే గుయ్‌మనే శబ్దం వస్తే అది సాధారణంగా గ్రౌండ్‌కు సంబంధించిన చిక్కు. ల్యాప్‌టాప్‌కు టీవీనో మానిటర్‌నో కూడా కలిపి ఉంటే అది ఇంకా పెరగవచ్చు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చార్జర్ మీద ఉన్నప్పుడే పూర్తి వేగంతో పనిచేస్తాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షను ఎవరూ వదిలిపెట్టకూడదు. బ్యాటరీ మీద విని బాగుందనుకుంటే ఆడేటప్పుడు వేరే అనుభవం ఎదురవుతుంది.

మూడో పని: మైక్ భాగాన్ని పరీక్షించండి

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. అవే ఇయర్‌ఫోన్లను జాక్‌లో ఉంచి, విండోస్‌లో ఇన్‌పుట్‌గా ఆ మైక్‌నే ఎంచుకుని, సౌండ్ రికార్డర్‌లో ఒక చిన్న రికార్డింగ్ చేయండి. మొదట 10 సెకన్లు ఏమీ మాట్లాడకండి. తర్వాత 10 సెకన్లు మామూలు గొంతుతో మాట్లాడండి. ఆ తర్వాత చార్జర్ పెట్టి, బరువైన గేమ్ ఒకటి నడిపి, ఫ్యాన్లు జోరందుకున్నాక మరో 10 సెకన్లు మాట్లాడండి. ల్యాప్‌టాప్‌కు ఉన్న సొంత మైక్ పొరపాటున రికార్డు కాకుండా, ఇయర్‌ఫోన్ల మైక్ మీద గోరుతో మెల్లగా గీకి, ఆ శబ్దం రికార్డింగులో గట్టిగా వినిపిస్తోందో లేదో చూసుకోండి.

విన్నప్పుడు మీ మాటల వెనుక వర్షం పడుతున్నట్టు హోరు ఉందా? గొంతు మరీ చిన్నగా ఉందా? చిన్నగా ఉంటే మైక్ సెట్టింగులలో బూస్ట్ అని ఒకటి ఉంటుంది. అది సాధారణంగా 10, 20, 30 డెసిబెల్స్ మెట్లలో పెరుగుతుంది. 10తో మాట స్పష్టమైతే సంతోషించండి. 30 దాకా వెళ్లవలసి వస్తే, బూస్ట్ మీ గొంతుతో పాటు చిప్ శబ్దాన్ని కూడా అంతే పెంచుతుంది కాబట్టి, మీ మాటల కన్నా ఆ హోరే ఆటలోని మిగతావారిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

లోపం ఇయర్‌ఫోన్లదో ల్యాప్‌టాప్‌దో తేల్చడానికి, జాక్ ఉన్న ఫోన్ దొరికితే అవే ఇయర్‌ఫోన్లను దానికి పెట్టి అవే మాటలు రికార్డు చేయండి. ఫోన్‌లో శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్‌లో హోరు వస్తే, ఎంత మంచి హెడ్‌సెట్ కొని ఆ జాక్‌లో పెట్టినా ఆ హోరు పూర్తిగా పోదు. ఈ నిజం ముందే తెలిస్తే ఖరీదైన హెడ్‌సెట్ కొన్నాక పడే నిరాశ తప్పుతుంది.

నాలుగో పని: మార్గాన్ని నిర్ణయించుకోండి

రెండు పరీక్షల్లోనూ జాక్ నెగ్గితే, పిన్ను ఉన్న హెడ్‌సెట్ తీసుకోండి. నా అభిప్రాయంలో ఇదే మేలైన ఎంపిక. లోపల చిప్, బ్యాటరీ, రేడియో లాంటివేవీ ఉండవు కాబట్టి పెట్టిన డబ్బంతా స్పీకర్లకూ మైక్‌కూ కట్టుదిట్టానికీ పోతుంది. ఫోన్‌కూ గేమ్ కంట్రోలర్‌కూ కూడా అదే పనికొస్తుంది. కొన్నేళ్లకు ల్యాప్‌టాప్ మారినా హెడ్‌సెట్ మార్చనవసరం లేదు.

ధ్వని వినిపించే భాగం బాగుండి మైక్ మాత్రం విఫలమైతే, లేదా రెండూ విఫలమైతే, యూఎస్‌బీ మార్గమే సరైనది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో డిజిటల్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే చిప్, మీ గొంతును డిజిటల్‌గా మార్చే చిప్ రెండూ ల్యాప్‌టాప్ బయటే ఉంటాయి. కాబట్టి ల్యాప్‌టాప్ సౌండ్ చిప్‌కు అందులో ఏ పాత్రా ఉండదు, దాని లోపాలు మీకు అంటవు. ఇదే ఫలితాన్ని మరో విధంగా కూడా సాధించవచ్చు: పిన్ను ఉన్న హెడ్‌సెట్ కొని, దానికి వేలెడంత యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ జత చేయడం. అడాప్టర్ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు కాబట్టి నేను దీనివైపే మొగ్గు చూపుతాను. అయితే అడాప్టర్ మైక్‌కు కూడా పనిచేస్తుందని వివరాల్లో స్పష్టంగా రాసి ఉండాలి. యూఎస్‌బీ సీ పోర్టుకు పెట్టే చిన్న అడాప్టర్లలో మరో తిరకాసు ఉంది: కొన్నిటిలో చిప్ ఉంటుంది, కొన్నిటిలో వట్టి తీగలే ఉంటాయి. తీగలు మాత్రమే ఉన్నవి కొన్ని ఫోన్ల కోసం చేసినవి, చాలా ల్యాప్‌టాప్‌లలో అవి పనిచేయవు. లోపల డ్యాక్, అంటే డిజిటల్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే చిప్, ఉన్నట్టు రాసి ఉన్నదే తీసుకోండి.

తీగ లేకుండా ఆడాలనుకుంటే, ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో, అంటే డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ హెడ్‌సెట్ ఎంచుకోండి. ఇది కూడా ల్యాప్‌టాప్ చిప్‌ను పక్కన పెట్టేస్తుంది, ధ్వని ఆలస్యం ఆటలో తెలియనంత తక్కువగా ఉంటుంది. దీని డాంగిల్‌ను యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టి, పక్కనే హార్డ్ డిస్క్ లాంటిది తగిలిస్తే ధ్వని తెగుతూ రావచ్చు. యూఎస్‌బీ 3 వెలువరించే రేడియో శబ్దం సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను కాస్త దూరంగా జరిపితే సాధారణంగా చిక్కు తీరుతుంది.

మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌ను మాత్రం ఆటల కోసం కొనవద్దు. దీనికి రెండు కారణాలున్నాయి. సాధారణ బ్లూటూత్‌లో ధ్వని 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా చేరవచ్చు. సెకనుకు 60 ఫ్రేములతో ఆడుతుంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే శత్రువు తుపాకీ పేలిన 12 ఫ్రేముల తర్వాత ఆ చప్పుడు మీకు వినిపిస్తుందన్నమాట. రెండో కారణం ఇంకా పెద్దది. మైక్ తెరుచుకున్న మరుక్షణం పాత బ్లూటూత్ పద్ధతి ఫోన్ కాల్ మోడ్‌లోకి మారిపోతుంది. అప్పుడు స్టీరియో పోయి, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో నలిగిపోయిన ధ్వని మాత్రమే మిగులుతుంది. శత్రువు ఎడమ నుంచి వస్తున్నాడో కుడి నుంచి వస్తున్నాడో తెలియనప్పుడు ఆ హెడ్‌సెట్ ఎంత మంచిదైనా ఏం లాభం? బ్లూటూత్‌లోనే కొత్తగా వస్తున్న ఎల్ఈ ఆడియో అనే పద్ధతి ఈ రెండు లోపాలనూ చాలావరకు సరిదిద్దుతుంది, కాని ల్యాప్‌టాప్‌లోని బ్లూటూత్ చిప్, దాని డ్రైవర్, విండోస్, హెడ్‌సెట్ అన్నీ దాన్ని అర్థం చేసుకోగలిగితేనే.

ఐదో పని: జాక్ మార్గమైతే ఇంపెడెన్స్, సెన్సిటివిటీ చూడండి

యూఎస్‌బీ లేదా డాంగిల్ మార్గం ఎంచుకున్నవారు దీన్ని వదిలేయవచ్చు. అక్కడ చిప్‌నూ స్పీకర్లనూ తయారీదారే జతపరిచి ఇస్తారు. జాక్‌లో పెట్టేవారికి మాత్రం ఈ రెండు అంకెలే ఆయువుపట్టు. ఇంపెడెన్స్ అంటే విద్యుత్తుకు హెడ్‌సెట్ కలిగించే అడ్డంకి, దీన్ని ఓమ్‌లలో చెబుతారు. సెన్సిటివిటీ అంటే ఇచ్చిన శక్తికి హెడ్‌సెట్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే అంకె.

ల్యాప్‌టాప్ జాక్ ఇవ్వగలిగే వోల్టేజీ చిన్నది. స్థూలంగా 1 వోల్టు అనుకుని లెక్క వేయండి. వోల్టేజీని దానితోనే గుణించి ఇంపెడెన్స్‌తో భాగిస్తే హెడ్‌సెట్‌కు చేరే శక్తి వస్తుంది. 32 ఓమ్‌ల హెడ్‌సెట్‌కు అదే 1 వోల్టు దాదాపు 31 మిల్లీవాట్లు ఇస్తుంది. 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్‌కు 4 మిల్లీవాట్లే ఇస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు సగం వోల్టే ఇస్తాయి. అప్పుడు చేరే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల ల్యాప్‌టాప్ జాక్‌కు 32 నుంచి 80 ఓమ్‌ల మధ్య ఉన్న హెడ్‌సెట్ హాయిగా సరిపోతుంది. మినహాయింపులు లేకపోలేదు: 2021లో వచ్చిన 14, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలు తగిలించిన హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌ను గుర్తించి, 150 ఓమ్‌లు దాటినవాటికి 3 వోల్టుల దాకా ఇస్తాయి.

మరీ తక్కువ ఇంపెడెన్స్ కూడా మంచిది కాదు. జాక్‌కు సొంతంగా కొంత ఇంపెడెన్స్ ఉంటుంది. హెడ్‌సెట్ ఇంపెడెన్స్ దానికి కనీసం ఎనిమిది రెట్లు ఉండాలన్నది ఆడియో రంగంలో పాటించే లెక్క. జాక్ ఇంపెడెన్స్ 4 ఓమ్‌లైతే 32 ఓమ్‌ల హెడ్‌సెట్ సరిపోతుంది, 16 ఓమ్‌లది సరిపోదు. అప్పుడు బేస్ ఉబ్బినట్టో సన్నబడినట్టో మారి, తయారీదారు ఉద్దేశించిన ధ్వని మీకు వినిపించదు. పైగా తక్కువ ఇంపెడెన్స్‌తో పాటు ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న హెడ్‌సెట్, రెండో పరీక్షలో మీరు విన్న ఆ సుయ్‌మనే శబ్దాన్ని కూడా పెంచి వినిపిస్తుంది.

సెన్సిటివిటీ అంకెలను పోల్చేటప్పుడు ప్రమాణం చూడండి. కొందరు 1 మిల్లీవాటుకు ఇన్ని డెసిబెల్స్ అని రాస్తారు, కొందరు 1 వోల్టుకు ఇన్ని డెసిబెల్స్ అని రాస్తారు. 32 ఓమ్‌ల హెడ్‌సెట్ విషయంలో రెండో అంకె మొదటి దాని కన్నా దాదాపు 15 ఎక్కువగా కనిపిస్తుంది. మిల్లీవాటుకు 100 డెసిబెల్స్ అన్నా, వోల్టుకు 115 డెసిబెల్స్ అన్నా అదే హెడ్‌సెట్. ఇది గమనించకపోతే, పెద్ద అంకె చూసి తక్కువదాన్ని ఎక్కువనుకునే ప్రమాదం ఉంది. మిల్లీవాటుకు 95 నుంచి 110 మధ్య ఏ అంకె ఉన్నా ల్యాప్‌టాప్‌కు ఇబ్బంది ఉండదు.

స్పీకర్ సైజు 40 మిల్లీమీటర్లా 50 మిల్లీమీటర్లా అన్నదాని మీద మాత్రం సమయం వృథా చేయకండి. సైజు ఒక్కటే నాణ్యతను చెప్పదు.

ఆరో పని: 7.1 మాటకు లొంగకండి

డబ్బా మీద 7.1 అని ఉన్న హెడ్‌సెట్లలో అత్యధిక శాతం వాటిలో చెవికి ఒకటి చొప్పున రెండే స్పీకర్లు ఉంటాయి. ధ్వని ఏ దిక్కు నుంచి వస్తే చెవిని ఎలా చేరుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, ఆ తేడాను రెండు స్పీకర్లతోనే సృష్టిస్తుంది. ఈ పనికి హెడ్‌సెట్ ప్రత్యేకంగా ఉండనవసరం లేదు. విండోస్‌లో 2017 నుంచి విండోస్ సోనిక్ అనే సదుపాయం ఉచితంగా ఉంది. డాల్బీ అట్మాస్, డీటీఎస్ హెడ్‌ఫోన్ ఎక్స్ కూడా ఏ స్టీరియో హెడ్‌సెట్‌తోనైనా పనిచేస్తాయి. కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటి ఆటల్లో ఈ లెక్క ఆటలోనే ఉంది.

ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించండి: వీటిలో ఒక్కటే పనిచేయాలి. ఆట ఒకసారి లెక్కగట్టి పంపిన ధ్వనిని విండోస్ మళ్లీ లెక్కగడితే, ఆ పైన ల్యాప్‌టాప్‌తో వచ్చిన నాహిమిక్ లాంటి ప్రోగ్రాం మూడోసారి తాకితే, అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియని గందరగోళం మిగులుతుంది. ఆటలో ఆ సదుపాయం ఉంటే దాన్ని ఉంచి మిగతావన్నీ ఆపేయండి. ల్యాప్‌టాప్ ప్రోగ్రాములలోని చాలా సెట్టింగులు లోపలి చిన్న స్పీకర్లకు బేస్ పెంచడానికి పెట్టినవి; హెడ్‌సెట్‌కు వాటి అవసరమే లేదు.

ఏడో పని: ఫ్యాన్ల శబ్దాన్ని దృష్టిలో పెట్టుకోండి

ల్యాప్‌టాప్‌పై ఆడేవారికి డెస్క్‌టాప్‌పై ఆడేవారికి లేని కష్టం ఒకటి ఉంది. ఫ్యాన్లు మీ ముఖానికి మూరెడు దూరంలోనే ఉంటాయి, గేమ్ నడుస్తున్నంతసేపూ హోరుమంటాయి. వెనుక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు ధ్వనిని విశాలంగా వినిపిస్తాయన్నది నిజమే, కాని ఆ హోరునంతా లోపలికి రానిస్తాయి. దాంతో మీరు వాల్యూమ్ పెంచుతారు. ఇది చెవికి హాని చేస్తుంది. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాటకుండా వినడం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది; రోజూ గంటల తరబడి ఆడేవారు ఆ హద్దును తేలికగానే చేరుకుంటారు. కాబట్టి ల్యాప్‌టాప్‌కు చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌సెట్టే మేలు.

మైక్ విషయంలోనూ ఇదే లెక్క. నోటి దగ్గరికి వచ్చే కాడ మైక్ ఉన్నదే తీసుకోండి; తీగ మీద వేలాడే మైక్ ఫ్యాన్లకూ కీబోర్డుకూ మరీ దగ్గరగా ఉంటుంది. ఒకవైపు నుంచి వచ్చే ధ్వనిని ఎక్కువగా గ్రహించే కార్డియాయిడ్ మైక్ అని రాసి ఉంటే ఇంకా మంచిది. దాన్ని పెదవులకు ఎదురుగా కాకుండా నోటి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉంచితే శ్వాస తగలదు, మాట దగ్గరగా వినిపిస్తుంది, బూస్ట్ తక్కువ సరిపోతుంది. జాక్ మైక్ పరీక్షలో కొద్ది తేడాతో విఫలమైనవారికి ఈ దూరం ఒక్కటే చాలాసార్లు ఊరటనిస్తుంది.

బరువు, మెత్తలు, కళ్లద్దాలతో పెట్టుకున్నప్పుడు కణతల దగ్గర నొక్కు, వీటిని కనీసం అరగంట పెట్టుకుని చూస్తే తప్ప చెప్పలేం. వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి. జాక్‌లో పెట్టేదైతే పిన్ను వంపు తిరిగి ఉన్నది ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకునేవారికి అనువుగా ఉంటుంది. నిటారు పిన్ను తొడకు తగిలి జాక్‌ను వదులు చేస్తుంది. తీగ ఊడదీసి మార్చుకోగలిగేదైతే మరీ మంచిది.

ఎనిమిదో పని: కలిపిన వెంటనే ఈ మార్పులు చేయండి

జాక్‌లో పెట్టగానే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఏం తగిలించారని తెర మీద అడుగుతాయి. అక్కడ హెడ్‌ఫోన్ అని కాకుండా హెడ్‌సెట్ అని ఎంచుకోకపోతే మైక్ పనిచేయదు. చాలామంది హెడ్‌సెట్ పాడైందనుకుని వెనక్కి ఇచ్చేది ఇక్కడే. ఆ ప్రశ్న పొరపాటున మూసేసి ఉంటే, పిన్ను తీసి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత విండోస్ ప్రైవసీ సెట్టింగులలో మైక్‌కు అనుమతి ఉందో లేదో చూడండి.

యూఎస్‌బీ, డాంగిల్ హెడ్‌సెట్లలో కొన్ని గేమ్ అని ఒకటి, చాట్ అని ఒకటి రెండు పరికరాలుగా కనిపిస్తాయి. గేమ్ అన్నదాన్ని డిఫాల్ట్ పరికరంగానూ, చాట్ అన్నదాన్ని డిఫాల్ట్ కమ్యూనికేషన్ పరికరంగానూ పెట్టండి. ఆట శబ్దం, స్నేహితుల మాటలు వేర్వేరుగా పెంచుకునే మీట హెడ్‌సెట్ మీద ఉంటే, అది ఇలా పెట్టినప్పుడే సరిగా పనిచేస్తుంది.

పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ తెరవండి. ఎవరైనా మాట్లాడడం మొదలుపెట్టగానే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఎంపిక అక్కడ ముందే పెట్టి ఉంటుంది. ఆట మధ్యలో ధ్వని ఉన్నట్టుండి పడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఏమీ చేయవద్దు అన్న ఎంపికకు మార్చండి. అవుట్‌పుట్ ఫార్మాట్‌ను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌కు పెట్టండి. ఆటల్లో ధ్వని సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉంటుంది, 192 దాకా పెంచడం వల్ల వినికిడిలో ఒరిగేదేమీ లేదు.

చివరగా మూడో పనిలో చేసిన రికార్డింగునే కొత్త హెడ్‌సెట్‌తో మళ్లీ చేయండి: నిశ్శబ్దం, మాట, చార్జర్‌తో ఫ్యాన్ల మధ్య మాట. మైక్ లెవెల్‌ను మీరు గట్టిగా అరిచినప్పుడు కూడా గొంతు పగలని చోట ఉంచండి, బూస్ట్‌ను సున్నా నుంచి మొదలుపెట్టి అవసరమైనంత వరకే పెంచండి. జాక్‌లో హోరు ఇంకా ఇబ్బంది పెడుతుంటే, హెడ్‌సెట్‌ను వెనక్కి ఇచ్చే ముందు ఎవరి దగ్గరైనా యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ అడిగి తెచ్చి, అదే రికార్డింగు దానితో చేసి చూడండి. అడాప్టర్‌తో గొంతు శుభ్రంగా వస్తే హెడ్‌సెట్‌ను ఉంచుకుని అడాప్టర్ కొనుక్కోండి. దానితోనూ హోరు తగ్గకపోతే హెడ్‌సెట్ మైక్‌లోనే లోపముంది, గడువు దాటకముందే మార్చుకోండి.